పథ్యం లేని మందు

నిమ్మాడలో ఆ పెళ్లినాడు, ఆశీర్వచనానికి లేవాల్సిన సమయంలో నాన్నగారు లేవలేకపోయారు.

తలంబ్రాలు అయిపోయాయి. వధూవరుల చెంగులు ముడివేసి ఉన్నాయి. నాన్నగారు కుడిచేత్తో అక్షతల పళ్లెం పట్టుకుని, ఎడమచెయ్యి పీటమీద ఆనించి పైకి లేవబోయారు. కుడి మోకాలు పక్కకు వంగింది. మనిషి మోకాలు అటువైపు వంగడం నేను అంతకుముందు చూడలేదు. పళ్లెం బోర్లాపడింది. ఆయన పీటకీ హోమగుండానికీ మధ్య ఒక పక్కకు ఒరిగిపోయారు.

నలుగురూ పరుగెత్తుకొచ్చారు. నేను పందిరి అంచున, జిల్లా కేంద్రం నుంచి వచ్చిన పెద్దల వరసలో కూర్చుని ఉన్నాను. నేను చేరేసరికి ఆయనను ఎవరో లేపి కూర్చోబెట్టారు. ముఖంలో బాధ లేదు. ఆశ్చర్యం ఉంది.

"నొప్పి లేదు. నొప్పి ఏమీ లేదు. ఒక్క క్షణం ఆగండి" అంటున్నారు, అందరికీ చేత్తో సైగ చేస్తూ.

పెళ్లికూతురి తాత, ఊళ్లో పెద్ద రైతు, ఎదురుగా గొంతుక్కూర్చుని ఆయన కాలు వంక చూశాడు.

"నొప్పి నేకపోతే మరి లెగరేటి పంతులుగారూ?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. తాత నవ్వించడానికి అనలేదు.

రెండోసారి ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపారు. ఎడమకాలు నిలబడింది. కుడికాలు పంచెలోపల వేలాడింది. నులకమంచం తెచ్చి పందిట్లోనే పడుకోబెట్టారు. పెళ్లికొడుకు తరఫున వచ్చిన పురోహితుడు మా బాబాయే, నాన్నగారి పినతండ్రి కొడుకు. అతను పళ్లెంలోకి కొత్త అక్షతలు పోయించుకుని లేచి నిలబడి ఆశీర్వచనం అందుకున్నాడు. మంచంమీద నుంచి నాన్నగారూ గొంతు కలిపారు. మొదట ఆయన గొంతే పైన వినిపించింది. నడిమధ్యలో ఆగిపోయింది. బాబాయి ఒక్కడే ముగించాడు.

ఆ కాలికి ఏం జరిగిందో చెప్పాలంటే మా ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో ముందు చెప్పాలి.

మాది టెక్కలి. నాన్నగారిది పౌరోహిత్యం. చదువు, స్వరం, ముహూర్తం పెట్టడం, అన్నీ ఉండాలి నిజమే గాని, రోజువారీగా చూస్తే అది కూర్చునే వృత్తి. పీటమీద బాసింపట్లు వేసుకుని పెళ్లికి ఒక పూటంతా, గృహప్రవేశానికి సగం పూట, కార్తీకమాసంలో వ్రతం తర్వాత వ్రతం. మా తాతగారూ ఆయన తమ్ముడూ ఊళ్లు పంచుకున్నారు. టెక్కలి చుట్టుపక్కల నుంచి కోటబొమ్మాళి, నిమ్మాడ వరకు, ఇటు భావనపాడు దారిలోని ఊళ్లు మావి. పలాస, కాశీబుగ్గ, బారువ వైపు బాబాయివి. ఈ పంపకానికి రాతకోత ఏమీ లేదు. ఊరివాళ్లు "మా పంతులుగారు" అని ఎవరిని చూపిస్తే ఊరు వారిది. వరసగా రెండు కార్యాలకి ఆ మనిషి వెళ్లలేకపోతే, ఆ మాట ఇంకొకరి మీదకు మళ్లుతుంది. ఒకసారి మళ్లిన ఊరు వెనక్కి వచ్చినట్టు మా వంశంలో ఎవరూ చెప్పుకోలేదు.

నాన్నగారికి నేనొక్కణ్ణే కొడుకుని. సంధ్యావందనం దాటి ఏమీ నేర్చుకోలేదు. కాలేజీ చదివి, విశాఖపట్నంలో అచ్చయ్యే ఒక దినపత్రికకు టెక్కలి, పలాస కబుర్లు రాసి రైల్లో పంపించేవాణ్ణి. నా వల్ల ఊళ్లు నిలవవని అందరికీ తెలుసు. ఆయన కూర్చోగలిగినన్నాళ్లే అవి మావి.

మోకాలు మొదట పట్టుకున్నది ఒక కార్తీకంలో. వ్రతం చేయించి లేస్తూ స్తంభం పట్టుకున్నారు. మర్నాటికి మోకాలు చిన్న బూడిదగుమ్మడిలా ఉబ్బింది. ఉద్దానం ఇసుకలో నడవడం వల్లే అని ఒకరన్నారు. కొబ్బరితోటల మధ్య ఆ దారులు అడుగు వేస్తే అడుగు లోపలికి పోయేవే. వావిలాకు కాపడం, ఉప్పు మూట, ఆముదం, జిల్లేడాకు, అన్నీ అయ్యాయి.

భావనపాడులో ఒక ముసలి పడవ యజమాని కొత్త పడవకు పూజ చేయించుకుని, వెళ్లేముందు నాన్నగారిని ఒక పక్కకు పిలిచాడు. చేతిలో సీసా.

"సొరసేప నూని పంతులుగారూ. రాత్తిరి రాసుకోండి, పొద్దున్నకి మీరే సూడండి."

నాన్నగారు నాలుగడుగులు వెనక్కి వేశారు, ఆ నొప్పికాలితోనే.

"శివ శివా! ఏమిటయ్యా అది?"

"తాగమన్నానేటి? రాసుకోడానికేగదా. కాలికి మైలేటి బావూ, కాలు బురదలో పెట్టట్నేదా?" అన్నాడు ముసలాయన. పక్కనున్న అతని భార్య "ఊరుకో, పంతులుగారితో పరాసికాలేటి" అని కసిరింది గాని ఆవిడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నూనె కథ ఇంట్లో చెప్పి నాన్నగారు కూడా నవ్వారు. అప్పటికింకా ఆయన నవ్వేవారు.

కుర్చీ సంగతీ వచ్చింది. టెక్కలి దగ్గరి ఒక ఊళ్లో గృహప్రవేశానికి ఇంటి యజమాని మంచి మనసుతో పేము కుర్చీ తెచ్చి పీట పక్కన వేయించాడు. నాన్నగారు దానివైపు చాలాసేపు చూశారు. దంపతులు నేలమీది పీటలపై ఉంటారు. కలశం, పసుపు గణపతి వాళ్ల ముందు ఉంటాయి. పురోహితుడు కుర్చీలో కూర్చుంటే ఆయన పాదాలు కలశం మీదికి వస్తాయి. చివరికి కుర్చీ మీద తన సంచి పెట్టి కిందనే కూర్చున్నారు. ఆ రోజు మంత్రం మధ్యలో ఆయన పెదవి కొరుక్కోవడం ఆడవాళ్లు చూశారు. "పంతులుగారు ఇంకెన్నాల్లు సేయిత్తారో" అని ఒకరు అననే అన్నారు. ఆ మాట మా ఇంటికి నాన్నగారి కంటే ముందే చేరింది.

మోకాలి కీలులోకే సూది వేసే డాక్టరు టెక్కలిలో ఉన్నాడని నాకు ఒక స్కూలు మాస్టారు చెప్పాడు. కుర్ర డాక్టరు, పెద్ద ఊళ్లో పనిచేసి వచ్చి సొంతంగా ఆసుపత్రి పెట్టుకున్నాడు. నాన్నగారు వెంటనే ఒప్పుకోలేదు. జబ్బకు వేసే సూదులు ఆయనకు తెలుసు. కీలులోకి వేసే సూది వినలేదు. ఒప్పించింది అమ్మ. రిక్షాలో ముగ్గురం వెళ్లాం.

డాక్టరు మోకాలిని రెండు చేతులా పట్టి నొక్కి చూశాడు. స్పిరిట్ స్టవ్ మీద గాజు సిరంజి మరుగుతోంది. ముందు ఒక సూది గుచ్చి లోపలి నీరు లాగాడు. పలచని తేనె రంగులో వచ్చింది. తర్వాత చిన్న సీసా ఒకటి తీసి చాలాసేపు ఊపాడు. అందులోని మందు ఊపగానే పాలలా తెల్లబడింది. ఆ తెలుపు నాన్నగారికి నచ్చిందని ఆయన ముఖంలోనే తెలిసింది.

"దీని పేరు హైడ్రోకార్టిసోన్. లోపల వాచింది కదా, ఆ వాపు తీస్తుంది. జబ్బు తియ్యదు. రెండూ ఒకటి కాదు పంతులుగారూ, గుర్తుంచుకోండి" అన్నాడు డాక్టరు.

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ అడిగింది: "పథ్యం ఏమిటో సెలవియ్యండి బాబూ."

"పథ్యం ఏమీ లేదమ్మా."

"పులుపు?"

"తినొచ్చు."

"వంకాయ?"

"తినొచ్చు."

"పనసకాయ కూడానా?"

డాక్టరు నవ్వాడు. "పనసకాయ కూడా. నేలమీద మాత్రం కూర్చోకూడదు. వారం రోజులు కాలికి పని చెప్పొద్దు. ఆ తర్వాత కూడా కుర్చీ అలవాటు చేసుకోవాలి. మళ్లీ నొప్పి వస్తే నా దగ్గరికి రండి, కానీ తొందర తొందరగా వేసే సూది కాదిది."

పనసకాయ అంటే మా వైపు వాతానికి మొదటి శత్రువు. అది తినొచ్చన్న మాటతో ఆ డాక్టరు మీద అమ్మకు సగం నమ్మకం పోయింది. రిక్షాలో నాన్నగారు తీర్పు చెప్పారు.

"కుర్రాడు మంచివాడే. చెయ్యి తేలిక. పథ్యం సంగతి మాత్రం వాళ్ల పుస్తకాల్లో ఉండదు. అది మనమే చూసుకోవాలి."

అలా మా ఇంట్లో పథ్యం మొదలైంది. చింతపండు, వంకాయ, గోంగూర, చేమదుంప, ఆవ పెట్టిన కూరలు, పనస, అన్నీ మానేశారు. కాకరకాయ, బీరకాయ, పెసరకట్టు మిగిలాయి. అమ్మ ఆయనకు వేరే పొయ్యి ముట్టించేది. సూది వేసిన మూడోనాటికి మోకాలు మామూలు మోకాలయింది. ఆయన మా వీధి అరుగు దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగారు. పక్కింటాయనను పిలిచి చూపించారు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న సంతోషం తర్వాత ఎన్నడూ లేదు.

ఆ వారం తిరగకముందే ఒక అన్నప్రాశన వచ్చింది. నేను డాక్టరు మాట గుర్తుచేశాను.

"నొప్పి లేదు కదరా" అన్నారు.

"విశ్రాంతి అన్నాడు కదా."

"పథ్యం చేస్తున్నాను కదా."

ఆయన దృష్టిలో రెండూ ఒకే ఖాతాలోవి. మందుకు మనిషి చెల్లించాల్సింది ఏదో ఒకటి ఉంటుంది. నోరు కట్టుకుని అది చెల్లిస్తున్నారు. ఇక కాలితో వేరే చెల్లించాల్సిన పని లేదు. విశ్రాంతి అనేది మందులో భాగమని మా ఇంట్లోనే కాదు, మా ఊళ్లలో ఎవరికీ తోచలేదు. పని చేసుకోవడానికే కదా మందు.

పథ్యానికి ఊళ్లలో పేరొచ్చింది. పెళ్లి భోజనాల్లో పనసపొట్టు కూర వడ్డించడానికి వస్తే నాన్నగారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. పనసపొట్టు అంటే ఆయనకు ప్రాణమని తెలిసిన ఊళ్లు అవి.

"ముట్టనేదు సూడు, ఎంత నిష్టో" అనేవారు ఆడవాళ్లు.

"ఘాటు మందు మరి. పథ్యం తప్పితే కాలు పడిపోద్దంట" అని ఇంకొకరు వివరించేవారు.

పొద్దున్నుంచీ ఆయన అదే కాలు మడిచి పీటమీద కూర్చున్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందుకే కదా పిలిచారు.

కొన్ని నెలలకు వాపు తిరిగి వచ్చింది. డాక్టరు మళ్లీ నీరు తీసి మళ్లీ సూది వేశాడు. వేస్తూ అడిగాడు.

"నేలమీద కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"కార్యం అయ్యేదాకా."

"నేనేం చెప్పాను పంతులుగారూ?"

"పథ్యం మాత్రం ఒక్క పూట తప్పలేదు డాక్టరుగారూ" అన్నారు నాన్నగారు, ధీమాగా.

డాక్టరు నా వంక చూశాడు. నేను ఏదో చెప్పబోయాను. కుర్చీ వేసుకుని పెళ్లిళ్లు చేయించే ఏర్పాటు మా జిల్లాలో ఆయనకు ఎవరు చేసిపెడతారు?

మూడోసారి మరీ తొందరగా వెళ్లాం. ఈసారి డాక్టరు మోకాలిని పట్టుకుని అటూ ఇటూ కదిపి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. సూది వెయ్యనన్నాడు.

"కొన్నాళ్లు పని మానండి. మానేసి రండి, అప్పుడు చూద్దాం."

"పని మానేస్తే ఊళ్లు పోతాయి బాబూ."

"మానకపోతే కాలు పోతుంది."

నాన్నగారు పంచె సర్దుకుని లేచారు. మర్నాడు పలాస బస్సెక్కారు. నాకూ అక్కడ పని ఉంది, కలిసే వెళ్లాను.

కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీల వెనక సందులో ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు ఎక్కడో కాంపౌండరు. బోర్డు మీద పేరు వెనక ఇంగ్లీషు అక్షరాలు చాలా ఉండేవి. సందంతా జీడిగింజలు కాల్చిన పొగ. బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు బల్లమీద వరసగా కూర్చుని ఉన్నారు. జీడి రసం తగిలి వాళ్ల అరచేతులు నల్లగా బొబ్బలెక్కి ఉన్నాయి. అందులో ఒకామె నాన్నగారిని చూసి జరిగి చోటిచ్చింది.

"పంతులుగారూ, మీరూ ఇక్కడికేనా?"

"మోకాలమ్మా."

"నాకు బుజం. ఈ సూది ఏసుకుంటే కొన్నాల్లు బుజం ఉన్నట్టే తెలవదు బావూ."

"తర్వాత?"

"తరవాత మల్లీ వత్తాను. ఎక్కడికెల్తాను?"

కాంపౌండరు ఏ ప్రశ్నా వెయ్యలేదు. "ఎక్కడ?" అని మాత్రం అడిగాడు. నీరు తియ్యలేదు. ఊపి, గుచ్చి, దూది అద్ది పంపించాడు. పథ్యం అడిగితే, "పులుపు మానెయ్యండి" అన్నాడు. నాన్నగారి ముఖం వికసించింది. బస్సులో నాతో అన్నారు, "అనుభవం ఉన్న చెయ్యి. అడగ్గానే చెప్పాడు చూశావా?"

ఆ తర్వాత ఆయన టెక్కలి డాక్టరు వీధిలో నడవడం కూడా మానేశారు. ముహూర్తాలు ఉన్న వారం ముందు పలాస వెళ్లి వచ్చేవారు. మంచి తిథి చూసుకుని వెళ్లేవారు. సూది పనిచేసే రోజులు ఒకసారికంటే ఒకసారికి తగ్గుతూ వచ్చాయి. తగ్గినప్పుడల్లా ఆయన వెతికింది వంటింట్లో.

మాఘమాసంలో ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగారు.

"నిన్న పప్పులో ఏం వేశావు?"

"ఏమీ వెయ్యలేదండీ. పెసరపప్పే."

"పులుపు తగిలింది. లేకపోతే రాత్రి ఇంత పోటు రాదు."

అమ్మ కాసేపు నిలబడి ఆలోచించింది. అంతకుముందు రోజు మా మేనత్త కొడుకు భోజనానికి వచ్చాడు. అతని కోసం చారు పెట్టింది.

"గరిటె ఒకటే అయి ఉంటుందండీ" అంది, చాలా మెల్లగా.

నాన్నగారు విస్తరి ముందునుంచి లేవలేదు గాని ఆ పూట ఏమీ తినలేదు. అమ్మ వెనకవైపుకు వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ మర్నాటి నుంచి ఆయనకు గరిటె వేరు, గిన్నెలు వేరు. కొన్నాళ్లకు ఉప్పు తగ్గించింది. తర్వాత తనూ పులుపు మానేసింది. ఇల్లంతా చప్పిడి వాసన వేసేది. నేను హోటల్లో తిని వచ్చి ఆకలి లేదనేవాణ్ణి.

ఆ ఏడు మౌఢ్యం వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి. కాలికి దొరికిన విశ్రాంతి అదొక్కటే. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మోకాలు కొంత నిమ్మళించింది. నాన్నగారు అది ఉప్పు తగ్గించిన ఫలితం అన్నారు. మౌఢ్యం పోగానే వైశాఖంలో ముహూర్తాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నక్సలైట్ల గొడవల వల్ల ఉద్దానంలో అప్పుడు చీకటి పడితే పోలీసు బండ్లు తప్ప వేరే బండి కనిపించేది కాదు. చుట్టాలు పెందలాడే ఇల్లు చేరాలని అందరూ పగటి లగ్నాలే అడిగారు. ఒక్కోరోజు పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు. నాన్నగారు పలాస వెళ్లి వస్తూనే ఉన్నారు. నిమ్మాడ పెళ్లికి ముందు కూడా వెళ్లి వచ్చారు. ఆ రోజు పొద్దున బస్సు దిగి ఊళ్లోకి నడుస్తూ, "చూశావా, పిల్లాడి కాలులా ఉంది" అన్నారు నాతో. నడక కొంచెం ఊగుతోంది. నొప్పి లేని మనిషి అలా ఎందుకు ఊగుతున్నాడా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మొదటే చెప్పాను.

నౌపడలో రైలెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. నన్ను దగ్గరకు పిలిచి వేలితో చూపించాడు. కీలులో ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన జాగా లేదు. ఒక పక్క ఎముక అంచు నలిగిపోయి ఉంది.

"ఇన్ని సూదులు ఎవరు వేశారు?" అన్నాడు. నేను చెప్పాను. తల ఊపాడు.

"మందు నొప్పి తీసింది. నొప్పి లేదని ఆయన కూర్చున్నారు. కూర్చున్నకొద్దీ అరిగింది."

"అరగదీసింది మందా, కూర్చోడమా అండీ?"

"రెండూనేమో. ఎక్కువసార్లు వేస్తే మందు కూడా లోపల పాడు చేస్తుందంటున్నారు. మాకూ ఇప్పుడిప్పుడే తెలుస్తోంది" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పిన మనిషి ఆయన. ఆ మాట రాసుకోవాల్సినంత అరుదైనదని పత్రికలో కొన్నేళ్లు పనిచేశాక నాకు అర్థమైంది.

అప్పటిదాకా నోరు విప్పని అమ్మ ముందుకు వచ్చింది. "గరిటె తగిలినా ఇలా అవుతుందా బాబూ?"

డాక్టరుకు అర్థం కాలేదు. "ఏమంటున్నారు ఆవిడ?" అని నన్ను అడిగాడు. చారు గరిటె సంగతి చెప్పాను. ఆయన అమ్మవైపు తిరిగి, చాలా మర్యాదగా, "లేదమ్మా. తిండికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీ తప్పు ఏమీ లేదు" అన్నాడు. అమ్మ తల ఊపింది. నమ్మలేదు. పోయేదాకా నమ్మలేదు.

చెయ్యగలిగింది ఒకటుంది అన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసి, కీలు దగ్గర రెండు ఎముకలనూ కలిపేస్తారు. కాలు తిన్నగా నిలబడుతుంది. బరువు మోస్తుంది. నొప్పి ఉండదు. నడవొచ్చు, బస్సెక్కొచ్చు. మడత మాత్రం ఇక పడదు.

"కూర్చోవచ్చా?" అన్నారు నాన్నగారు మంచంమీద నుంచి.

"కూర్చోవచ్చు. కుర్చీలో, కాలు చాపుకుని."

"పీటమీద?"

"కాలు మడవడం కుదరదండీ."

"మడవడం ఎప్పటికీ కుదరదా?"

"కుదరదు."

నాన్నగారు దుప్పటి కాలిమీదికి లాక్కున్నారు. "చూసి చెప్తాను" అన్నారు.

నేను ఆ రాత్రికి రాత్రే ఒప్పించాలని చూడలేదు. మర్నాడు చూశాను, ఆ తర్వాతా చూశాను. "కాలు నిలబడుతుంది నాన్నగారూ, నడుస్తారు" అన్నాను.

"నడిచి ఎక్కడికి వెళ్లాలి?" అన్నారు.

కట్టు కట్టించుకుని టెక్కలి వచ్చేశాం. కట్టు విప్పాక మోకాలు ఎప్పటిలా అటూ ఇటూ వదులుగానే ఉంది. రెండు కర్రలతో పెరటిదాకా వెళ్లేవారు. సూది లేకపోవడంతో నొప్పి తిరిగి వచ్చింది, ఈసారి ఉండిపోవడానికి. ఆపరేషన్ చేయించుకుంటే ఇక ఎప్పటికీ కూర్చోలేరు. చేయించుకోకపోతే ఏదో ఒకనాడు కూర్చోగలరేమో. ఆ "ఏమో" కోసం ఆయన నడక వదులుకున్నారు. పథ్యం మాత్రం ఆపలేదు.

కట్టుతో ఇంటికి వచ్చిన కొద్దిరోజులకు బాబాయి వచ్చాడు. గుమ్మంలో చాలాసేపు నిలబడి, తర్వాత మంచం పట్టె మీద కూర్చున్నాడు. అతనూ ఇష్టంతో వచ్చినట్టు లేదు. నిమ్మాడ వాళ్లు మరో కార్యానికి అతనికి కబురు పెట్టారు.

"అన్నయ్యా, నీ కాలు బాగయ్యేదాకా ఊళ్లు నేను చూసుకుంటాను. నీ ఊళ్లు నీవే."

"బాగవుతుంది" అన్నారు నాన్నగారు.

"బాగవుతుంది, మరేం" అన్నాడు బాబాయి.

కొన్నాళ్లు అతను మా వైపు పెళ్లిళ్లలో ఇచ్చిన పంచెల చాపు, బియ్యం తెచ్చి మంచం పక్కన పెట్టేవాడు. ఏ ఊళ్లో ఎవరికి ఏం జరిగిందో చెప్పేవాడు. నాన్నగారు ముహూర్తాలు లెక్కగట్టి ఇచ్చేవారు, అతను వాటి ప్రకారం వెళ్లేవాడు. తర్వాత తేవడం తగ్గింది. తర్వాత రావడం తగ్గింది. అందుకు అతన్ని తప్పుపట్టను. మా ఊళ్లూ తన ఊళ్లూ కలిపి తిరగడానికి ఒక మనిషి చాలడు. ఆ ఇసుక దారుల్లో అతని మోకాళ్లూ పట్టుకున్నాయి. రాకపోకలు తగ్గాయని అతను అనలేదు, మేమూ అనలేదు.

నాన్నగారు పోయారు. కొన్నేళ్లకు బాబాయీ పోయాడు. నాకంటే చిన్నవాడు, బాబాయి కొడుకు, తండ్రి వెనక ఆ ఊళ్లన్నీ తిరగడం మొదలుపెట్టాడు.

చాలాకాలం తర్వాత ఒక సభ గురించి రాయడానికి నిమ్మాడ వెళ్లాను. సభ అయ్యాక టీ తాగుతుంటే ఒక ముసలి రైతు నన్ను పోల్చుకుని దగ్గరకు వచ్చాడు.

"మీరు పెద్ద పంతులుగారబ్బాయి కదండీ?"

అవునన్నాను.

"మీ తమ్ముడు బాగా సేయిత్తన్నాడు. గొంతు మీ నాన్నగారిదే." ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగినట్టు అన్నాడు. "అయితే మా ఊరు మీరు ఆల్లకి ఇచ్చీసినట్టేనా?"

ఇచ్చినట్టు మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. తీసుకున్నట్టు బాబాయి ఇంట్లోనూ ఎవరూ అనలేదు. ఆ తమ్ముడు నిమ్మాడలో ఏ పని ఒప్పుకున్నా ముందు "ఇది పెదనాన్నగారి ఊరు" అని చెప్పి ఒప్పుకుంటాడని ఆ రైతే నాతో అన్నాడు. నాకు మగపిల్లలు లేరు. ఉన్నా వాళ్లూ పీటమీద కూర్చునేవాళ్లు కారు. అయినా ఆ ఊరు ఎవరిదన్నది మా రెండిళ్ల మధ్య ఇంతవరకు తేలలేదు.